రేవు పక్క బ్రూవరీలో మా వదిన

మా వదిన నాకు చుట్టం కాదు. చర్చిలో పరిచయమైన మనిషి. మా ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు, తేల్చుకోవాలంటే వయసు చెప్పాలి కాబట్టి. అందుకని నేను ఆమెని వదినా అన్నాను, ఆమె నన్ను వదినా అంది. నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం చర్చి పద్ధతి ప్రకారం సిస్టర్ అనుకునేవాళ్ళం. సిస్టర్ అన్నాక ఆ మనిషి దగ్గర మొగుడి మీద చాడీలు చెప్పుకోలేం. వదిన అయితే చెప్పుకోవచ్చు.

ఒక వేసవిలో చర్చి పిక్నిక్‌కి మంచి చోటు చూసి రమ్మని మా ఇద్దరికీ అప్పగించారు. నీళ్ళు కనపడాలి, పిల్లలు పరిగెత్తడానికి గడ్డి ఉండాలి, బిర్యానీ గిన్నెలు మోసుకోడానికి పార్కింగ్ దగ్గరగా ఉండాలి, బాత్‌రూములు శుభ్రంగా ఉండాలి. శనివారం పొద్దున్నే నా కార్‌లో బయల్దేరాం. మేముండే రెడ్‌మండ్ నుంచి గంట దూరం పోతే ఫెర్రీలు ఆగే చిన్న ఊరొకటి వస్తుంది. ఉన్నది ఒకటే వీధి, వీధి చివర నీళ్ళు. అక్కడి పార్కు బాగానే ఉంది గానీ కూర్చోడానికి నీడ లేదు. వదిన పెదవి విరిచింది. “ఆంటీలకి ఎండ తగిలిందంటే మళ్ళీ పిక్నిక్ దాకా మనల్ని సాధిస్తారు, వద్దు వదినా” అంది.

ఆకలేసింది. నీళ్ళ ఒడ్డున, పడవలు కట్టేసే చోట, పాత గోడౌన్ లాంటి రేకుల షెడ్డు కనిపించింది. బయట నల్లబల్ల మీద సుద్దముక్కతో చేప బొమ్మ వేసి ఉంది. మా వదిన సముద్రం పక్క ఊళ్ళో పుట్టిన మనిషి, చేప బొమ్మ చూస్తే ఆగలేదు. లోపలికి వెళ్ళి చూద్దుం కదా, అద్దాల గోడ వెనక నిలువెత్తు స్టీలు డ్రమ్ములు, వాటి మధ్య రబ్బరు బూట్లు వేసుకుని పైపుతో నేల కడుగుతున్న ఒకాయన.

“పాల కేంద్రమా వదినా ఇది?” అంది.

నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ వాసన పాలది కాదు. చిన్నప్పుడు జ్వరమొస్తే మా ఇంట్లో కాచే బార్లీ నీళ్ళ వాసన, పైగా కాస్త పులిసినట్టు. అది బీరు కాచే చోటని, కాచిన చోటే పోసి అమ్ముతారని, దాంతోపాటు చేపలూ వేయించి పెడతారని మాకు అర్థమయ్యేసరికి మమ్మల్ని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా ఇచ్చేశారు. నీళ్ళు తాగాక లేచి వెళ్ళిపోతే బాగోదని వదిన అంది. బాగోదని నేనూ ఒప్పుకున్నాను.

వడ్డించే ఆవిడకి ఇంచుమించు మా వయసే ఉంటుంది. నెరిసిన జడ, మోచేతి దాకా ఆక్టోపస్ పచ్చబొట్టు. మొదటిసారి వచ్చారా అని అడిగింది. అవునన్నాం. అంతే, మేము అడక్కుండానే ఒక చెక్క పళ్ళెంలో బుల్లి బుల్లి గ్లాసులు వరసగా పెట్టి తెచ్చింది, అన్ని రకాలూ తలా ఒక గుక్క రుచి చూడమని. ఆ పళ్ళెం ముందు పెట్టగానే మా వదిన చెయ్యి దానంతటదే లేచి, చున్నీ లాగి తల మీద కప్పింది. తల వంచుకుని కళ్ళు మూసుకుంది కూడా.

మా చర్చిల సంగతి తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ద్రాక్షరసం పోసిన బుల్లి గ్లాసులు పళ్ళెంలో పెట్టి వరసలవారీగా పంచుతారు. పళ్ళెం మన దగ్గరికి రాగానే ఆడవాళ్ళం ముసుగు వేసుకుని తల వంచుతాం. చిన్నప్పటి నుంచీ ఆ పని చేస్తూ వచ్చిన చెయ్యి, పళ్ళెంలో ఏముందో చూసే దాకా ఎందుకు ఆగుతుంది?

“వదినా, అది బీరు” అన్నాను గొంతు తగ్గించి.

ఒక కన్ను తెరిచింది. గ్లాసులు చూసింది. వడ్డించే ఆవిడని చూసింది. ఆవిడ పాపం, ఇదేదో మా వైపు మర్యాద అనుకుని తనూ తల వంచుకుని నిలబడింది. అప్పుడు నవ్వింది మా వదిన. చర్చిలో పెదవులతో మాత్రమే నవ్వే మనిషి, బల్ల మీద వాలిపోయి, ముక్కుతో గుర్రుమని చప్పుడు చేస్తూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అటు పక్కవాళ్ళు తిరిగి చూశారు. నేనూ నవ్వాను గానీ, నవ్వుతూనే అనుకున్నాను, ఈమెతో స్నేహం చెయ్యాలి అని. ఈ దేశం వచ్చాక నాకు ఎవరిని చూసినా అలా అనిపించలేదు. నాకు నోరు దురుసు, ఓపిక తక్కువ. పరిచయాలు బోలెడు, స్నేహాలు సున్నా.

ఇంత గొడవ చేసి రుచి చూడకపోతే ఆవిడ నొచ్చుకుంటుందని వదిన ఒక్కొక్క గ్లాసూ ఎత్తింది. నల్లదాన్ని మాడిన కాఫీ అంది. తెల్లగా మబ్బుగా ఉన్నదాన్ని పులిసిన గంజి అంది. ఎర్రది తాగి, ఇంకో గుక్క కూడా తాగింది. నేనూ చూశాను. కాస్త చేదు, వెనక నుంచి కాల్చిన రొట్టె అంచు రుచి. బాగుంది.

పిక్నిక్ ఎప్పటిలాగే మా పక్కనున్న పార్కులోనే పెట్టారు. మేము మాత్రం నెలకోసారి ఆ ఊరు వెళ్ళడం మానలేదు. ఇంట్లో వాకింగ్‌కి అని చెప్పేవాళ్ళం. అబద్ధమేమీ కాదు, కార్ దిగి తలుపు దాకా నడిచేవాళ్ళం కదా. ఒకరు తాగితే ఇంకొకరు డ్రైవ్ చెయ్యాలి కాబట్టి ఒక నెల ఆమె వంతు, ఒక నెల నా వంతు. వంతు రానివాళ్ళకి నిమ్మరసం. తాగేది ఎర్రది, అదీ ఒకటే గ్లాసు. ఆ ఒక్క గ్లాసు అయిపోవడానికి మధ్యాహ్నమంతా పట్టేది.

వదిన ప్రార్థన చెయ్యకుండా మెతుకు ముట్టదు. చిక్కేమిటంటే అలాంటి చోట్ల బీరు ముందొస్తుంది, తిండి తర్వాతొస్తుంది. మొదట్లో ఇబ్బంది పడింది. తర్వాత ఆమే ఒక ఏర్పాటు చేసుకుంది. చేప రాగానే గ్లాసు తీసి కిటికీ గట్టు మీద, మెనూ కార్డు వెనకాల పెట్టేది. ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక మళ్ళీ తెచ్చుకునేది.

“కార్డు వెనక పెడితే దేవుడికి కనపడదా?” అని ఒకసారి వేళాకోళం చేశాను.

“ఎందుక్కనపడదు? అయినా ఎదురుగా పెట్టుకుని ఆయనతో మాట్లాడ్డం మర్యాద కాదు కదా” అంది.

ఆ జవాబు నాకు చాలా నచ్చింది. ఎంతోమంది ప్రసంగాలు విన్నాను, అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

చేప మీద ఆమె తీర్పు ప్రతిసారీ ఒకటే. చేప తాజాదే, చేసినవాళ్ళకి కారం వెయ్యడానికే చెయ్యి రాలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పచ్చిమిరపకాయలు తీసేది. పిండిలో ముంచి వేయించిన ఆ తెల్ల చేప ముక్క ఒక కొరుకు, మిరపకాయ ఒక కొరుకు. వడ్డించే ఆవిడ ఒకసారి తనకీ ఒకటి ఇమ్మంది. తిని, లోపలికి పరిగెత్తి, మళ్ళీ వచ్చి ఇంకోటి అడిగింది. అప్పట్నుంచి మేము వెళ్తే చాలు, మెనూ తెచ్చేది కాదు.

కిటికీలోంచి ఫెర్రీ రావడం, కార్లు దిగడం, కార్లు ఎక్కడం, ఫెర్రీ పోవడం కనపడేది. మేము దాన్ని చూస్తున్నట్టే ఉండి అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. లేఆఫ్‌లు ఎప్పుడు మా టీమ్ మీద పడతాయో అన్న నా భయం. చెప్పిందానికల్లా ‘వాటెవర్’ అనే ఆమె కూతురు. వయసుతో పాటు ఒంట్లోకి వస్తున్న ఆవిర్లు. ఒకసారి ఆమె, “వదినా, నాకు పాటలు పాడుతున్నప్పుడు దేవుడున్నాడనిపిస్తుంది. పాట ఆగిపోయాక ఒక్కోసారి అనిపించదు” అంది. ఆ మాట ఇంకెవరితోనూ అనలేదని కూడా చెప్పింది. నేను నా ప్లేటులో మిగిలిన ఆలుగడ్డ ముక్కలు ఆమె ప్లేటులో వేశాను. ఆమె తినేసింది.

తర్వాత వాళ్ళాయన ఉద్యోగం పోయింది. టెక్సస్‌లో ఇంకోటి దొరికింది. సామాన్లు సర్దుతుంటే వెళ్ళి సాయం చేశాను. ఇద్దరం ఏడవలేదు, టేపు ఎక్కడుందని ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం.

అక్కడ వాళ్ళింట్లో శుక్రవారం ప్రార్థనలు మొదలయ్యాయి. రెండు కుటుంబాలు వచ్చేవి, తర్వాత హాలు నిండిపోయింది. వాళ్ళాయన వాక్యం బాగా చెప్తాడు. కొన్నాళ్ళకి అందరూ ఆయన్ని, పాస్టర్ని పిలిచినట్టు, అయ్యగారూ అనడం మొదలుపెట్టారు. ఆయన అయ్యగారైతే ఈమె అమ్మగారే కదా. “వదినా, నన్ను అమ్మగారూ అంటున్నారు, నవ్వు ఆపుకోలేక చస్తున్నా” అని ఫోన్ చేసింది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ తర్వాత ఫోన్లలో నవ్వు తగ్గింది. “ఉండు వదినా, ఇంకో కాల్ వస్తోంది, మళ్ళీ చేస్తా” అనేది. మళ్ళీ చేసేది కూడా, పాపం, రెండు వారాల తర్వాత.

ఆమె లేని లోటు ఎలాంటిదో ఎవరికైనా చెప్దామంటే, చెప్పుకునే మనిషి ఆమే. ఒకసారి మా ఆయన్ని ఆ బ్రూవరీకి తీసుకెళ్ళాను. ఆయన మంచివాడు. పార్కింగ్ ఎంతసేపు ఫ్రీ అని అడిగాడు, చేప బాగుందన్నాడు, ఫోన్‌లో స్కోరు చూసుకున్నాడు, తిరిగొచ్చేటప్పుడు ఇంత దూరం ఎందుకు రావడం అన్నాడు. ఇంకోసారి ఒక్కదాన్నే వెళ్ళాను. వడ్డించే ఆవిడ “మీ ఫ్రెండ్ ఏరి?” అని అడిగింది. వస్తోందని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకు తెలీదు. చెప్పాక, కాసేపు నిజంగానే తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

మొన్న వసంతంలో మా చర్చి అమ్మాయి పెళ్ళికి వదిన వస్తోందని తెలిసింది. పెళ్ళి ఆదివారం. శుక్రవారం దిగుతుంది, శనివారం సాయంత్రం స్త్రీల ప్రార్థన కూడికలో ఆమే మాట్లాడాలి. మధ్యలో శనివారం మధ్యాహ్నం నాకు కావాలని అడిగాను. ఎన్నడూ ఎవరినీ దేనికీ బతిమాలని దాన్ని, బతిమాలాను. “నీకు కాకపోతే ఇంకెవరికి వదినా” అంది. ఆ మాట పట్టుకుని నేను వారమంతా గడిపాను. నాకు కావాల్సింది పెద్దదేమీ కాదు. ఒక మధ్యాహ్నం, మునుపటిలాగా. తర్వాత మళ్ళీ ఏళ్ళ తరబడి ఓర్చుకోగలనని అనుకున్నాను.

ఆ శనివారం బ్రూవరీ తలుపులు తీసే వేళకే వెళ్ళి కిటికీ పక్క బల్ల పట్టుకున్నాను. సన్నగా జల్లు పడుతోంది. ఆమె అద్దె కార్‌లో వచ్చింది. కాటన్ చీర, మీద కోటు. జుట్టుకి రంగు వేయడం మానేసినట్టుంది. నన్ను చూసి చేతులు చాపింది, వాటేసుకున్నాం. చాలాసేపు వదల్లేదు. అంతా సరిగ్గానే ఉందనుకున్నాను.

వడ్డించే ఆవిడ కేక పెట్టినంత పని చేసింది. “ఎక్కడికెళ్ళిపోయావు హనీ! ఎర్రది ఎవరికి, నిమ్మరసం ఎవరికి?”

“నేనే డ్రైవ్ చేస్తా, నువ్వు తీసుకో” అన్నాను నేను. “నీ కార్ రేపు తెచ్చుకుందాం.”

వదిన తల అడ్డంగా ఊపి, తనకీ నిమ్మరసమే చెప్పింది. ఆవిడ వెళ్ళాక, “ఇప్పుడు కుదరదు వదినా” అంది. “ఎప్పుడు ఎవరు ఫోన్ చేసి ప్రార్థన చెయ్యమంటారో తెలీదు. నోట్లో ఆ వాసన పెట్టుకుని ఎలా చెయ్యను?”

“ఫోన్‌లో వాసన వెళ్తుందా?”

“వాళ్ళకి వెళ్ళదు. నాకు వస్తుంది.”

బీరు పోతే పోయింది, మనిషి ఎదురుగా ఉంది కదా అనుకున్నాను. చేప వచ్చింది. ఆమె చిన్న ప్రార్థన చేసింది. బ్యాగ్‌లో పచ్చిమిరపకాయలు లేవు. నేను తెచ్చాను. ఒకటి కొరికి, “చేప తాజాదే…” అంది. “చేసినవాళ్ళకి…” అని నేను అందుకున్నాను. ముక్కుతో గుర్రుమంది. నా ప్రాణం లేచొచ్చింది. నా టీమ్‌లో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాను, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని చెప్పబోతున్నాను. అప్పుడు ఆమె ఫోన్ మోగింది.

పేరు చూసింది. “ఒక్క నిమిషం వదినా” అని లేచి, బయట చెక్కల వసారాలోకి వెళ్ళింది.

ఒక్క నిమిషం కాదు. అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. చూరు కింద అటూ ఇటూ నడిచింది. వింది. తర్వాత ఆగి, కళ్ళు మూసుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని మాట్లాడ్డం మొదలుపెట్టింది. జల్లు చీర కుచ్చిళ్ళ మీద పడుతున్నా జరగలేదు. ఒక ఫెర్రీ వచ్చింది, కార్లు దిగాయి, కార్లు ఎక్కాయి, ఫెర్రీ వెళ్ళిపోయింది. నాకు ఆ ఫోన్ అవతలి మనిషి మీద కోపమొచ్చింది. ఎవరో నాకు తెలీదు. అయినా నా మధ్యాహ్నాన్ని ముక్కముక్కగా తినేస్తోందని కోపం. వడ్డించే ఆవిడ వచ్చి చేప వేడి చేసి తెమ్మంటావా అని అడిగింది. వద్దన్నాను.

వదిన లోపలికి వచ్చేసరికి కూడికకి బయల్దేరే వేళ దగ్గరపడింది. కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

“ఏం చెయ్యను వదినా. చిన్నపిల్ల. ఏడో నెల. పొద్దున్నించీ బిడ్డ కదల్లేదంట. హాస్పిటల్‌లో కూర్చోబెట్టారు, స్కాన్‌కి ఇంకా పిలవలేదు. మొగుడు ఫ్లైట్‌లో ఉన్నాడు. ఆ పిల్లకి అక్కడ ఎవరూ లేరు.”

“నాకూ ఇక్కడ ఎవరూ లేరు” అన్నాను.

అనాలని అనుకోలేదు. వచ్చేసింది. అలాంటి కష్టంలో ఉన్న పిల్లతో పోటీ పడినట్టు, చిన్నపిల్లలా. కానీ అది నిజం, అంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాలేదు. వదిన నా వైపు చూసింది. అమ్మగారు చూసినట్టు కాదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. “తెలుసు” అంది. “నాకు మాత్రం ఎవరున్నారు? అందరూ వాళ్ళ బాధలు నాకు చెప్తారు వదినా. నాది చెప్పాలంటే నువ్వే. నిన్ను చూడగానే ఏడుపొస్తుందేమోనని దారి పొడుగునా భయపడ్డాను.” ఆమె ఇంకేదో చెప్పబోయింది. ఆ చెప్పబోయే మాట కోసమే నేను అన్నాళ్ళూ ఎదురు చూశానని నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఫోన్ మళ్ళీ మోగింది. అదే పిల్ల. బల్ల మీద, మా ఇద్దరి మధ్యా, వణుకుతూ మోగుతోంది. వదిన దాన్ని చూసింది, ముట్టుకోలేదు. నన్ను చూసింది. నేను వద్దంటే తీసేది కాదు. అది నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

“తియ్యి” అన్నాను. “భయపడుతూ ఉంటుంది.”

ఆ బిడ్డ తర్వాత క్షేమంగానే పుట్టాడు. ఆ కబురు నాకు వేసవిలో వాట్సాప్‌లో వచ్చింది, ప్రార్థించిన వారందరికీ వందనాలు అంటూ, గ్రూపులో అందరితోపాటు. ఆమె ఆ రోజు చెప్పబోయిందేమిటో మాత్రం ఇంతవరకూ నాకు తెలీదు. ఫోన్‌లో అడిగితే, ఏదో అనుకున్నాలే, మర్చిపోయాను అంటుంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఫోన్ తీసింది, ఈసారి బయటికి వెళ్ళలేదు. ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చెయ్యి బల్ల మీదుగా చాపి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. “భయపడకమ్మా, నేనున్నాను” అని ఆ పిల్లతో చెప్పి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నేను కళ్ళు మూసుకోలేదు. మళ్ళీ ఎప్పుడు చూస్తానో తెలీదు కాబట్టి, ఆమె ఆమెన్ అనేదాకా ఆమెనే చూస్తూ కూర్చున్నాను.